తోబుట్టువు జ్ఞాపకం – తీర్చవలసిన బాకీ



తల్లిదండ్రులు మనకంటే ముందు వచ్చినవారు. పిల్లలు మన తర్వాత వచ్చినవారు. మన బాల్యాన్ని మనతోపాటు గడిపినవారు తోబుట్టువులే. అందుకే వారు పోయినప్పుడు మనలో ఒక భాగం పోయినట్లు ఉంటుంది.

మాది కృష్ణాజిల్లా పామర్రు ప్రాంతం. అన్నయ్యా నేనూ ఫజర్ నమాజు తర్వాత మస్జిదులో ఒకే ఖాయిదా ముందు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాం. వేసవిలో కాలువలు కట్టేస్తే మడుగుల్లో మిగిలిన చేపల కోసం బురదలో దిగేవాళ్ళం. నేను మొదటిసారి రోజా ఉన్ననాడు మధ్యాహ్నానికే సొమ్మసిల్లితే, ఇఫ్తార్ దాకా తడిగుడ్డతో ముఖం తుడుస్తూ కూర్చున్నది అన్నయ్యే. 2018 డిసెంబరులో, కోతలు అయి చేలల్లో మినుములు మొలిచే రోజుల్లో, ఆయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నాడు.

ఇలా తలచుకుని కన్నీరు పెట్టడం విశ్వాసానికి విరుద్ధమా? కానే కాదు. యమామా యుద్ధంలో షహీద్ అయిన తన అన్న జైద్ (రజి)ను హజ్రత్ ఉమర్ (రజి) అంతటి ధీరుడు జీవితాంతం మరువలేదు. తూర్పుగాలి వీచినా ఆయనకు అన్నే గుర్తుకొచ్చేవాడు. హజ్రత్ ఆయిషా (రజి) సోదరుడు అబ్దుర్రహ్మాన్ (రజి) మక్కా సమీపంలో మరణించి మక్కాలో ఖననం చేయబడ్డారు. ఆమె ఆ సమాధి దగ్గరికి వెళ్ళి, తోడబుట్టినవాడి ఎడబాటుపై ఒక అరబ్బు కవి చెప్పిన కవితను తలచుకున్నారు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మాత్రం బాల్యాన్ని మరిచారా? క్రీ.శ. 630లో హునైన్ యుద్ధం తర్వాత, హలీమా గారి కుమార్తె షైమా బందీల మధ్య నుండి వచ్చి తాను పాలసోదరినని చెప్పుకున్నప్పుడు, ఆయన తన పైవస్త్రం పరచి ఆమెను కూర్చోబెట్టారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి.

అయితే దుఃఖానికి ఇస్లాం ఒక హద్దు కూడా పెట్టింది. భర్త కోసం తప్ప మరెవరి కోసమూ స్త్రీ మూడు రోజులకు మించి సంతాప నియమాలు పాటించరాదు. విశ్వాసుల మాత హజ్రత్ జైనబ్ బిన్తె జహ్ష్ (రజి) తన సోదరుడు మరణించినప్పుడు ఈ ఆదేశాన్ని గౌరవించి, అవసరం లేకపోయినా సుగంధం తెప్పించి పూసుకున్నారు.

మరి ఆ తర్వాత మనం చేయవలసింది ఏమిటి? ఈ విషయం నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

అన్నయ్య కౌలు రైతు. ధాన్యం అమ్మిన డబ్బు కొంత మిగిలింది. అందులో కొంత నలభయ్యో రోజు భోజనాలకు, మిగతాది పిల్లలకు అనుకున్నాం. అంతలో నాట్ల ముఠా నడిపే ఒక పెద్దావిడ వచ్చింది. “సాయిబు గారూ, మీ అన్నగారు మా పన్నెండు మందికి రెండు రోజుల కూలి ఇవ్వాలండి. కాగితం రాయించుకోలేదు, ఆయన మాట మీదే నాట్లేశాం” అంది. “సాక్ష్యం ఏముంది?” అని అడిగి నేను ఆమెను పంపించేశాను. ఆ రాత్రి మా ఇమామ్ గారికి ఈ మాట చెబితే, ఆయన నాకు ఇబ్నె మాజాలోని ఒక హదీసు వినిపించారు.

హజ్రత్ సఅద్ బిన్ అత్వల్ (రజి) సోదరుడు మూడు వందల దిర్హములు, పోషించవలసిన కుటుంబాన్నీ వదిలి మరణించాడు. ఆ సొమ్మును కుటుంబానికే ఖర్చు చేయాలని సఅద్ (రజి) భావించారు. కాని నీ సోదరుడు తన అప్పు కారణంగా ఆగిపోయి ఉన్నాడు, ముందు అది తీర్చమని దైవప్రవక్త (స) ఆదేశించారు. సఅద్ (రజి) అందరి బాకీలూ తీర్చారు. రెండు దీనార్లు రావాలన్న ఒక స్త్రీ దగ్గర మాత్రం రుజువు లేదు. ఆమె చెప్పేది నిజమే, ఆమెకూ ఇచ్చేయమన్నారు దైవప్రవక్త (స).

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారి వెళ్ళి విచారిస్తే పెద్దావిడ చెప్పింది నిజమేనని తేలింది. భోజనాలు మానుకుని ఆ కూలి ఇచ్చేశాం. అన్నయ్య కోసం నేను ఎన్నో రోజులు ఏడ్చాను. ఆయనకు పనికివచ్చింది మాత్రం ఆ ఒక్క రోజే.

సోదరులారా! అప్పు, వీలునామా తర్వాతే వారసుల వాటా అని దివ్యఖుర్ఆన్ నిసా సూరా 11, 12 ఆయతుల్లో స్పష్టంగా ఉంది. హజ్ మొక్కుకుని మరణించిన తన సోదరి గురించి ఒక వ్యక్తి అడిగినప్పుడు, ఆమెకు అప్పు ఉంటే తీర్చేవాడివి కదా, అల్లాహ్ బాకీ అంతకంటే ముందు తీర్చదగినదని దైవప్రవక్త (స) బోధించారు. కనుక పోయిన తోబుట్టువు ఎవరికి ఏమి బాకీపడ్డారో విచారించండి. వారి పిల్లల సొమ్మును కాపాడండి. బతికున్న అక్కచెల్లెళ్ళ వాటా మీ దగ్గరే ఉండిపోతే నేడే ఇచ్చేయండి. వారి మగ్‌ఫిరత్ కోసం ప్రతి నమాజులో దుఆ చేయండి.

అల్లాహ్ మన తోబుట్టువుల తప్పులను మన్నించుగాక! ఒకే ఇంట పెరిగిన మనల్ని స్వర్గంలో మళ్ళీ ఒకచోట చేర్చుగాక! ఆమీన్.