మూడవ మనిషి

మనిషి తన ప్రాణాన్ని తానే తీసుకొనవచ్చునా అనే ప్రశ్న తత్త్వశాస్త్రంలో చాలా పాతది. గ్రీకు రోమక దేశాల స్టోయిక్కులు కొన్ని సందర్భాలలో అది వివేకవంతుని హక్కు అన్నారు. మన ధర్మశాస్త్రకారులు పాపమన్నారు. జైనులు సల్లేఖన వ్రతానికీ ఆత్మహత్యకూ నడుమ ఒక గీత గీసి, ఆ గీతను శతాబ్దాలుగా కాపాడుకొంటూ వచ్చారు. 1942లో ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ తన తాత్త్విక గ్రంథాన్ని ఈ ప్రశ్నతోనే ఆరంభించాడు.

ఈ చర్చలన్నింటిలో ఒక పోలిక ఉన్నది. ప్రశ్న వేసేవాడు లోకాన్ని చూచినవాడు. స్థిమితంగా కూర్చుండి, జీవితాన్ని తక్కెడలో వేసి, తీర్పు చెప్పగలవాడు. పదిహేడేండ్ల పిల్లవాడు ఆ చర్చలో ఎక్కడా కనిపించడు. జీవితానికి అర్థమున్నదా అన్న విచారం వానికి దూరం. తండ్రి ముఖం ఎట్లా చూడాలి, పక్కింటివారు అడిగితే ఏమి చెప్పాలి, ఈ రాత్రి ఎట్లా గడుస్తుంది అన్నవే వాని ప్రశ్నలు. కనుక యువకుల విషయంలో నీతిశాస్త్రం తన ప్రశ్నను మార్చుకోవలసి ఉన్నది. వానికి ఆ హక్కు ఉన్నదా అని అడిగితే జవాబు చెప్పవలసినవాడు ఆ పిల్లవాడు. ఆ రాత్రి వానికి అందుబాటులో ఎవరున్నారు అని అడిగితే జవాబు చెప్పవలసినది ఊరు.

ఊరు అనే మాటకు ఈనాడు అర్థమేమిటో తెలియాలంటే ఢిల్లీలో యమునకు తూర్పున ఉన్న మయూర్ విహార్ వంటి చోటును చూడవచ్చు. ఢిల్లీ అభివృద్ధి సంస్థ కట్టిన ఇండ్లతోనూ, సహకార గృహ సంఘాల భవనాలతోనూ ఆ ప్రాంతం మూడు దశలుగా పెరిగింది. ఉద్యోగాల కొరకు వచ్చిన మలయాళీలు, తమిళులు, బెంగాలీలు, తెలుగువారు, ఉత్తరాది కుటుంబాలు అక్కడ ఒకే మెట్లు ఎక్కి దిగుతుంటారు. ఉత్తర గురువాయూరప్పన్ ఆలయమున్నది. చర్చిలున్నవి, గురుద్వారాలున్నవి. ప్రతి సొసైటీకీ ఒక ఇనుప గేటు, వాచ్‌మన్, నోటీసు బోర్డు, చిన్న పార్కు, పార్కులో నాలుగు బెంచీలు. కొద్ది దూరంలోనే లక్ష్మీనగర్. అక్కడ వీధి పొడుగునా కోచింగ్ కేంద్రాల బోర్డులు.

ఇట్టి చోట ఒక పిల్లవాడు ఏకాకి అని ఎవరూ అనుకోరు. గోడకు గోడ ఆనుకొని ఎన్ని కుటుంబాలు! అయితే వారందరికీ వాని మార్కులు తెలుసు. వాని మనసు తెలిసినవారెవరు? తాత గుంటూరులోనో కొట్టాయంలోనో ఉంటాడు. మేనమామ బెంగుళూరులో ఉంటాడు. మూడు గదుల ఇంటిలో మిగిలినది తండ్రి, తల్లి, పిల్లవాడు. తండ్రికి కోపం వస్తే నడుమ నిలబడడానికి నాలుగవ మనిషి లేడు.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకొన్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు మార్కుల నమోదులో పొరపాట్లు బయటపడ్డాయి. ఆ రోజులలోనే ఇరవైమందికి పైగా విద్యార్థులు మరణించారు. ఇట్టి మరణానికి ఒకే కారణం చెప్పడం పత్రికలకు సులభం గాని, సత్యానికి దూరం. గుర్తింపబడని మనోవ్యాధి, ఇంటి కలహం, అప్పు, ప్రేమ, అవమానం, పరీక్ష అన్నీ కలిసి ఒక ముడి పడతాయి. పరీక్షా ఫలితం పలుమార్లు ఆ ముడిని బిగించే చివరి లాగుడు మాత్రమే.

ఈ ముడిని దగ్గరగా పరిశీలించినవారిలో ఒకరు పసిఫిక్ సముద్రంలో ఉన్నారు. 1960ల తరువాత మైక్రోనీషియా దీవులలో యువకుల ఆత్మహత్యలు మునుపెన్నడూ లేనంతగా పెరిగాయి. అక్కడ చిరకాలం పనిచేసిన జెసూయిట్ మతాచార్యుడు ఫ్రాన్సిస్ హెజెల్ ఒక్కొక్క మరణాన్ని గూర్చి బంధుమిత్రులను విచారించి వివరాలు కూర్చాడు. చాలా ఉదంతాలలో కనిపించినది తల్లిదండ్రులతోనో అన్నతోనో జరిగిన ఒక కలహం; పైకి చూస్తే చిన్నదే. ఆ దీవులలో పెద్దల మీద కోపం వచ్చిన యువకుడు ఎదురు మాట్లాడడు. మౌనంగా తొలగిపోతాడు, తిండి మానుతాడు, తన్ను తానే కష్టపెట్టుకొంటాడు. తెలుగువారికి ఇది కొత్త కాదు. మనం దీనిని అలక అంటాము.

అలక వెనుక ఒక నమ్మకం ఉన్నది. ఎవరో ఒకరు వచ్చి బుజ్జగిస్తారని, చేయి పట్టుకొని లేవదీస్తారని. పూర్వం ఆ దీవులలో పిల్లల మీద అధికారం తండ్రి ఒక్కని చేతిలో ఉండేది కాదు. తల్లి తరపు వంశమంతా, ముఖ్యంగా మేనమామలు, ఆ బాధ్యతను పంచుకొనేవారు. నగదు జీతాలు వచ్చి, కుటుంబాలు చిన్నవై, తండ్రి చేతిలోనే సర్వమూ చేరిన తరువాత అలిగినవాని వద్దకు రావలసిన మనిషి లేకపోయాడు. హెజెల్ తేల్చిన విషయానికి సారాంశమిది. బాధను ఇది తేలిక చేయదు, లోపించినదేమిటో చూపుతుంది. తండ్రి కసిరితే మేనమామ ఇంటికి పోయి నాలుగు రోజులుండి వచ్చే పిల్లలు మన ఇండ్లలోనూ ఒకప్పుడు ఉండేవారు. మేనమామ పిల్లవాని తప్పు ఒప్పని అనడు. అయినా అన్నం పెడతాడు.

ఇంతమాత్రాన ఉమ్మడి కుటుంబాన్ని తిరిగి తెచ్చుకోవాలని కాదు. ఆ కుటుంబాలలో నోరెత్తలేక నలిగిపోయిన కోడళ్ళ కథలు మన సాహిత్యం నిండా ఉన్నవి. తెచ్చుకోవలసినది ఆ మూడవ మనిషిని. తీర్పు చెప్పే అధికారం లేనివాడు, పిల్లవాని విజయంలో వాటా లేనివాడు, అయినా వాని మీద మమత ఉన్నవాడు కావాలి.

మతసంస్థలు ఈ స్థానాన్ని తీసుకోగలవా? సమోవాలో గాని, న్యూజీలాండులో స్థిరపడిన పసిఫిక్ కుటుంబాలలో గాని చర్చి ఊరికి నడిబొడ్డు. మయూర్ విహార్‌లో మలయాళీకి ఆలయమో చర్చియో పుట్టిన ఊరికి ప్రతినిధి. మనుషులు చేరే చోటు ఇదే గనుక ప్రయత్నం ఇక్కడినుంచే మొదలు కావాలని తోస్తుంది. కాని ఒక చిక్కున్నది. ఎక్కడ అందరూ అందరినీ ఎరుగుదురో అక్కడ సిగ్గు కూడా దట్టంగా ఉంటుంది. తండ్రి ప్రతి వారం నమస్కరించే పూజారి వద్ద, మతాచార్యుని వద్ద కొడుకు తన చీకటిని ఎట్లా విప్పుతాడు? గాయపరచే చేయి, మందు రాసే చేయి ఒకే శరీరానివి.

పైగా మతాలకు ఈ విషయంలో ఒక పాత అప్పున్నది. ఆత్మహత్య పాపమని గట్టిగా చెబితే మనుషులు వెనుదీస్తారని అవి నమ్మాయి. కాథలిక్ చర్చి 1917 నాటి శాసనసంహితలో బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకొన్నవారికి ఉత్తరక్రియలు నిరాకరించింది. 1983 సంహితలో ఆ నిషేధం తొలగిపోయింది. స్మృతులలోనూ అట్టివారికి కర్మలు నిషేధించిన విధులున్నవి. చట్టమూ అదే బాట పట్టింది. 1860 నాటి శిక్షాస్మృతి ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరమన్నది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ స్థితిలో ఉన్నవానిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవానిగా భావించి ఆదుకోవాలన్నది. 2024 జూలైలో అమలుకు వచ్చిన కొత్త సంహితలో పాత సెక్షను లేదు. ఖండన కొందరిని ఆపి ఉండవచ్చు. అంతకంటె ఎక్కువమంది నోళ్ళను మూసింది. పాపమని విన్నవాడు పాపం చేయబోతున్నానని ఎవరికి చెప్పుకొంటాడు?

ఇంగ్లండులో చాడ్ వరా అనే మతాచార్యుడు ఈ మౌనాన్ని తొలి రోజులలోనే చూచాడు. 1935లో ఆయన జరిపిన తొలి అంత్యక్రియ పద్నాలుగేండ్ల బాలికది. యౌవనారంభంలో శరీరంలో సహజంగా వచ్చే మార్పును రోగమని భ్రమపడి, అడిగే దిక్కు లేక, ఆమె ప్రాణం తీసుకొన్నది. 1953లో ఆయన లండన్ నగరంలోని తన చర్చిలో ఒక టెలిఫోను పెట్టి, నిరాశలో ఉన్నవారు ఎవరైనా పిలువవచ్చునన్నాడు. మనుషులు రాసాగారు. తమ వంతు కొరకు వేచి ఉన్నవారికి కొందరు స్వచ్ఛంద సేవకులు టీ ఇచ్చి, పక్కన కూర్చుండి, వారు చెప్పేది వింటూ ఉండేవారు. కొన్నాళ్ళకు వరా ఒక వింత గమనించాడు. చాలామంది ఆయనను చూడకుండానే తేలికపడి వెళ్ళిపోతున్నారు. పండితుడు లోపలి గదిలో ఉన్నాడు. పని వెలుపలి గదిలో జరుగుతున్నది. 1954 ఫిబ్రవరిలో ఆయన ఆ పనిని సేవకులకే అప్పగించాడు. సమారిటన్లు అనే సంస్థ ఆ విధంగా పుట్టింది. మతప్రచారం చేయరాదని, విన్నది బయట పెట్టరాదని అది నియమం పెట్టుకొన్నది. చర్చిలో పుట్టిన పని సఫలం కావడానికి చర్చి తన ఉపదేశాన్ని గుమ్మం బయట వదలవలసి వచ్చింది.

మన దేశంలోనూ ఈ దారి ఉన్నది. ఢిల్లీలో సంజీవిని 1976లో, చెన్నైలో లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ 1986లో, హైదరాబాదులో రోష్ని 1997లో ఆరంభమైనవి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ సేవను ప్రారంభించింది. 14416 అనే నంబరుకు తెలుగులోనూ మాట్లాడవచ్చు. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా 2006లో అవ్వలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బెంచీల మీద కూర్చుండబెట్టాడు. అక్కడ కష్టం చెప్పుకొన్నవారి మనోవేదన తగ్గినదని తరువాతి పరిశోధన నిరూపించింది.

ఒక ఆక్షేపణ మిగిలి ఉన్నది. మనిషి నిర్ణయంలో ఇతరులు చేయి పెట్టడం స్వేచ్ఛకు భంగం కాదా? ఆ తీవ్రమైన ఘడియ ఎప్పటికీ నిలువదని వైద్యులు ఎరుగుదురు. ప్రయత్నించి బ్రతికినవారిలో అత్యధికులు ఆ తరువాత ఆ విధంగా మరణించరు. ఆ ఘడియ దాటించడమంటే నిర్ణయించే మనిషిని నిలబెట్టడం. స్వేచ్ఛను గౌరవించేవాడు ముందు దానిని అనుభవించవలసినవానిని కాపాడుకోవాలి.

కాగా మయూర్ విహార్ సొసైటీకి గాని, ఆలయ సంఘానికి గాని చేయదగిన పని పెద్దదేమీ కాదు, తేలికదీ కాదు. పరీక్షా ఫలితాల రోజున ఎవరి పిల్లవానికి ఎంత వచ్చినదని మెట్ల మీద అడగకపోవడం ఒకటి. నాలుగు రోజులుగా కిందికి దిగని పిల్లవానిని గమనించి పలకరించడం మరొకటి. ప్రాణం తీసుకోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టుతుందన్న భయాన్ని విడిచిపెట్టాలి. అడిగించుకొన్నవారికి అది ఊరటయే. అవునంటే వానిని ఒంటరిగా వదలకుండా, అదే తూర్పు ఢిల్లీలో దిల్షాద్ గార్డెన్‌లోని మానసిక వైద్యసంస్థకు తోడు వెళ్ళాలి. ఉత్తరాదిన ఆగ్రా, రాంచీ పేర్లనూ, మన వైపు ఎర్రగడ్డ పేరునూ వెక్కిరింతకు వాడుకొనే నాలుకలకు ఇది కష్టమైన పని. విన్నది పదిమందికి చెప్పకుండా దాచుకోవడం అంతకంటె కష్టం.

సాయంకాలం ఆ పార్కులో వృద్ధులు కూర్చుంటారు. రాజకీయాలు, మోకాళ్ళ నొప్పులు, పింఛను మాట్లాడుకొంటారు. కోచింగ్ నుండి తిరిగివచ్చే పిల్లలు తల వంచుకొని ఆ బెంచీల పక్కగానే పోతారు. బెంచీలో కొంచెం చోటు ఎప్పుడూ ఉంటుంది. పక్కకు జరిగి, కూర్చోరా నాయనా అని, ఆపైన మార్కుల మాట ఎత్తకుండా ఉండగలవారు అక్కడ ఎందరున్నారన్నదే ఇక తేలవలసిన విషయం.