మరమ్మతును దాచవచ్చునా?

మోటారు సైకిలు యంత్రమునకు పైభాగమున ఉండు సిలిండరు హెడ్డు నేడు దాదాపు ప్రతి బండిలోను అల్యూమినియముతో పోతపోసినదే. ఆ హెడ్డులో ఒక చిన్న రంధ్రము, ఆ రంధ్రపు లోపలి గోడకు సన్నని మరలు ఉండును. ఉక్కుతో చేసిన స్పార్కు ప్లగ్గు ఆ మరలను పట్టుకొని కూర్చుండును. బండిని బట్టి ఈ మర 14, 12 లేక 10 మిల్లీమీటర్ల వ్యాసము కలిగియుండును. మన వీధులలో విరివిగా తిరుగు 100 సీసీ బండ్లలో పెక్కింటికి 10 మిల్లీమీటర్ల మరయే గలదు. అనగా చిటికెన వ్రేలికంటె సన్నము. ఒక మరకును దాని ప్రక్క మరకును నడుమ ఎడము ఒక మిల్లీమీటరు మాత్రమే. లోపల పెట్రోలు మండిన ప్రతిసారి, బయటి గాలి ఒత్తిడికి పదుల రెట్ల ఒత్తిడి ఆ ప్లగ్గును బయటికి నెట్టజూచును. దానిని పట్టి నిలుపునవి ఆ కొద్దిపాటి మరలే.

మెత్తని లోహములో గట్టి లోహమును బిగించుచున్నాము గనుక, తప్పు ఎవరిదైనను దెబ్బతినునది అల్యూమినియమే. పది మిల్లీమీటర్ల ప్లగ్గుకు కావలసిన బిగువు 10 నుండి 12 న్యూటన్ మీటర్లు. ఒక అడుగు పొడవుగల పానా చివర నాలుగు కిలోల బరువు వ్రేలాడదీసినంత బలము దానికి చాలును. పనివాని చేయి అలవాటు చొప్పున ఇంతకు మూడు నాలుగింతలు చూపగలదు. కొందరు ప్లగ్గును వంకరగా మొదలుపెట్టి, అది బిరుసుగా నున్నదని పానాతో బలవంతముగా త్రిప్పుదురు. కొందరు యంత్రము కాలుచుండగనే విప్పుదురు. వేడికి అల్యూమినియము ఉక్కుకంటె ఇంచుమించు రెండింతలు వ్యాకోచించును గనుక, అట్టి సమయమున మరలు ఒకదానినొకటి ఒరసికొని చిరుగుట సులభము. పానా కొంతదూరము బిగువుగా తిరిగి, హఠాత్తుగా తేలికయగును. ఆ తేలికదనము చేతికి తెలిసిన పనివానికి గుండె జారును. “థ్రెడ్డు పోయింది” అని దుకాణములలో దానిని చెప్పుకొందురు.

ఒక సందర్భమును ఊహించుదము. ఒక చిన్న పట్టణములో, బస్టాండు ప్రక్కన రేకుల కప్పు క్రింద నడచు మెకానిక్ దుకాణము. ఒక ఉపాధ్యాయుడు ఉదయమున తన బండిని అక్కడ వదలి, సాయంకాలము వచ్చి తీసికొందునని చెప్పి వెళ్లెను. పని నేర్చుకొనుచున్న పందొమ్మిదేండ్ల యువకుడు ప్లగ్గును తుడిచి బిగించుచుండగా మర పోయెను. అతడు పానాను క్రింద పెట్టి, “అన్నా, తిరుగుతూనే ఉంది” అనెను. మేస్త్రీ వచ్చి వ్రేలితో త్రిప్పి చూచెను. ప్లగ్గు పైకి వచ్చినప్పుడు దాని మరలలో వెండితీగవంటి అల్యూమినియపు పోగు చుట్టుకొనియుండెను.

ఇప్పుడు మేస్త్రీ యెదుట మూడు మార్గములున్నవి. ప్లగ్గు మరకు ఏదో జిగురు పూసి, నిలిచినంతకాలము నిలుచునని బిగించి పంపివేయుట మొదటిది. అది మోసమని అతనికే తెలియును. ఏదో ఒకనాడు ఆ ప్లగ్గు తుపాకి గుండువలె ఎగిరిపోవును. దీనిని గూర్చి చర్చ అనవసరము. రెండవది, చక్కగా మరమ్మతు చేసి, ఏమియు చెప్పకుండుట. మూడవది, మరమ్మతు చేసి, జరిగినది చెప్పుట. నిజమైన ప్రశ్న ఈ రెండింటి నడుమనున్నది. దాని బరువు తెలియవలెనన్న మొదట ఆ మరమ్మతు ఎట్టిదో తెలిసికొనవలెను.

చిరిగిపోయిన అల్యూమినియమును తిరిగి అతుకుట కుదరదు. రంధ్రమును ఇంకను పెద్దదిగా చేసి, అందులో పెద్ద మర కోసి, ఆ మరలోనికి ఒక ఉక్కు గూడును దింపి, ఆ గూటి లోపలి మరలో మునుపటి కొలత ప్లగ్గునే బిగింపవలెను. ఇందుకు స్ప్రింగువలె చుట్టిన స్టెయిన్‌లెస్ ఉక్కు తీగను వాడుట ఒక పద్ధతి. హెలికాయిల్ అను పేరుతో ఇది 1930లలో అమెరికాలో రూపొంది, రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానముల యంత్రములలో పనికివచ్చెను. లేతుమీద చెక్కిన గట్టి బుష్‌ను దింపుట మరియొక పద్ధతి. మన పట్టణములలో ఎక్కువగా జరుగునది ఇదే. హెడ్డును విప్పి తీసి చేయుట ఉత్తమము. విప్పకుండ చేయువారు మర కోయు ట్యాపు గాడులలో గ్రీజు నింపుదురు. తరుగు ఆ గ్రీజునకంటుకొని బయటికి వచ్చును. కొద్ది చుట్లు త్రిప్పుట, వెనుకకు తీయుట, తుడుచుట, మరల గ్రీజు నింపుట — ఇందులో తొందర పనికిరాదు. ఒక్క రజను సిలిండరులో పడినను అది పిస్టనునకును గోడకును మధ్య చేరి గీత గీయును. ట్యాపు వంకరగా దిగినయెడల ప్లగ్గు వంకరగా కూర్చుండి, దాని వాషరు చుట్టును సరిగా ఆనదు. వాయువు కారును, ప్లగ్గు వేడి హెడ్డులోనికి పోవు దారి తగ్గును. బుష్ అంచు దహనపు గదిలోనికి పొడుచుకొని వచ్చినచో అది ఎర్రగా కాలి, నిప్పురవ్వ పుట్టకముందే ఇంధనమును అంటించును. ఇదంతయు తప్పక చేయగలవాడు మంచి పనివాడు. అట్టివాడు అమర్చిన ఉక్కు గూడు, పోయిన అల్యూమినియపు మరకంటె ఎక్కువసార్లు ప్లగ్గును విప్పి బిగించుటకు ఓర్చును.

ఇచ్చటనే మౌనమునకు బలమైన వాదము దొరకుచున్నది. యజమాని పోగొట్టుకొన్నదేమి? అతడు అప్పగించినదానికంటె దృఢమైన దానిని తిరిగి పొందుచున్నాడు. చెప్పినందున అతనికి కలుగునది అనుమానము, దుకాణమునకు కలుగునది అపకీర్తి, ఆ యువకునికి కలుగునది తిట్లు. ఎవరికిని మేలు చేయని సత్యమును పలుకుట సద్గుణమా, లేక పలికినవాని మనస్సాక్షికి మాత్రమే సుఖమునిచ్చు స్వార్థమా? ఈ వాదమును తేలికగా త్రోసివేయువారు దినకూలి మీద బ్రదుకు దుకాణమును ఎన్నడును దగ్గరనుండి చూచియుండరు.

క్రీస్తుపూర్వము 44లో రోమీయుడైన సిసెరో, విధులను గూర్చి తన కుమారునికి వ్రాసిన గ్రంథపు మూడవ భాగములో, దీనికి దగ్గరగానున్న వివాదమును చర్చించెను. లోపములున్న ఇంటిని అమ్మువాడు వాటిని కొనువానికి తెలుపవలెనా? బబులోనువాడైన డయోజెనీసు (పీపాలో కాపురమున్నవాడు వేరు; ఇతడు స్తోయికుల గురువు) చెప్పకుండుట వేరు, దాచుట వేరు అని వాదించినట్లును, అతని శిష్యుడే యగు అంతిపేతరు అన్నియు తెలుపవలెనని వాదించినట్లును సిసెరో వ్రాసెను. ఇతరులకు తెలిసిన మేలుకలుగు సంగతిని తన లాభము నిమిత్తము వారికి తెలియకుండ చేయుట దాచుటయే యని సిసెరో తీర్పు. అయితే అక్కడ దాచబడినది లోపము. మన మేస్త్రీ దాచదలచినది చక్కగా కుదిరిన మరమ్మతు. కావున అతని ప్రశ్న సిసెరో ప్రశ్నకంటె కష్టమైనది.

దీనికి జవాబు ఆ రంధ్రములోనే వెదకవలెను. ఉక్కు గూడు ఎంత బాగుగా కుదిరినను, అది హెడ్డునకు చెందిన లోహము కాదు. కొంతకాలమునకు ప్లగ్గును విప్పునప్పుడు మసి పట్టియున్నచో, ప్లగ్గుతోకూడ బుష్ కూడ తిరుగవచ్చును. అప్పుడు పానా పట్టుకొన్నవాడు వేరొక ఊరిలో వేరొక పనివాడై యుండవచ్చును. బుష్ ఉన్నదని తెలిసినచో అతడు ఆగి, యంత్రము చల్లారనిచ్చి, మెల్లగా ప్రయత్నించును. తెలియనివాడు ఇంకను బలము చూపును. గూడు ఊడి చేతికి వచ్చును. ఆ నేరము అతని మెడకు చుట్టుకొనును. నేడు మౌనముగానున్న మేస్త్రీ తాను మోయవలసిన నిందను ముఖమెరుగని మరియొక బీద పనివానిమీద మోపుచున్నాడు. యజమాని యెడల నష్టము లేదన్న లెక్కలో ఈ మూడవవాడు చేరలేదు. బండి చేతులు మారినచో నాలుగవవాడును కలడు. బుష్ ఉన్నదను మాట ఆ మరమ్మతులో ఒక భాగమే. ఆ మాట లేనిచో పని ముగియలేదు.

మరియొక చిక్కు కలదు. ప్లగ్గు మర సాధారణముగా ఒక్క త్రిప్పుతో పోవునది కాదు. ప్రతి అతి బిగింపునకు అల్యూమినియము కొంచెము సాగును, కొంచెము చిరుగును. అయిదేండ్లుగా నలుగురు అయిదుగురు పానా వేసియుందురు. రహదారి ప్రక్కన ఆగిపోయిన నాడు ఉపాధ్యాయుడే తన చేతితో బిగించియుండవచ్చును. కడపటి చేయి ఆ యువకునిది. “ముందే పోయి ఉంది మాస్టారూ” అని మేస్త్రీ చెప్పినయెడల అది అబద్ధము కాకపోవచ్చును. సగము నిజమగుటకు మంచి అవకాశము గలదు. అందుకే ఆ మాట అపాయకరమైనది. నిరూపింపజాలని నిజమును తనకు అనుకూలముగా వాడుకొనువాడు క్రమముగా తన నేరమును తానే గుర్తింపలేనివాడగును.

మోషే ధర్మశాస్త్రము ఈ రెండు సంగతులను వేరువేరుగా చూచినది. నిర్గమకాండము 22వ అధ్యాయములో, ఒకడు అంటించిన నిప్పు ముళ్లపొదలకు తగిలి పొరుగువాని పంటను కాల్చినయెడల, అతడు ఆ నష్టము నిచ్చుకొనవలెను. ద్వేషము లేకపోయినను నష్టము నష్టమే. లేవీయకాండము 6వ అధ్యాయములో, పొరుగువాడు తనకు అప్పగించిన దానిని గూర్చి బొంకినవాడు మూలధనము నిచ్చి దానిపైని అయిదవ వంతు కూడ ఇయ్యవలెను. నిప్పు అంటించినవానిని అడుగని ఆ అయిదవ వంతు బొంకినవానిని అడుగుచున్నది. సర్వీసింగునకు వదలిన బండి కూడ అప్పగింపే గదా.

ఆ నిప్పును గూర్చిన వాక్యములో నష్టమిచ్చుటకు వాడిన హెబ్రీ క్రియ షిల్లేమ్. షాలోమ్ అను మాటకును దానికిని ధాతువు ఒకటే. లోటు పూడ్చుట, పొరుగువానితో నెమ్మది కలిగియుండుట ఆ భాషలో చుట్టములు. తెలుగు బైబిలులో షాలోమునకు సమాధానము అను మాట నిలిచినది. ఇతరులు ఈ మాట విన్నప్పుడు వారికి జవాబు అను అర్థమే తోచును. క్రైస్తవుల వింత వాడుకయని నవ్వువారును కలరు. మెకానిక్ దుకాణము ముందర మాత్రము ఆ రెండు అర్థములును ఒకచోటనే నిలుచును. బండి యజమాని వచ్చి అడిగినప్పుడు సమాధానము చెప్పలేనివాడు అతనితో సమాధానముగా నుండలేడు.

యజమాని విధిని గూర్చియు కొంత చెప్పవలెను. ప్రసంగములలో పనివాని యథార్థతను గూర్చి వినబడినంతగా ఇది వినబడదు. చెప్పిన ప్రతివానిని వీధిలో నిలువబెట్టి కేకలు వేయు యజమాని ఆ వీధిలోని దుకాణములన్నిటికి మౌనము నేర్పుచున్నాడు. ఆ సాయంకాలమే ఆ యువకుడు తన జీవితమంతటికిని ఒక అలవాటును నేర్చుకొనును. మేస్త్రీ “వీడు చెడగొట్టాడు” అనునా, “మా దుకాణంలో పోయింది” అనునా అనుటలో కూడ చాల భేదమున్నది. మొదటిది నిజమే, అయినను పానా ఎంత బిగింపవలెనో చూపకుండ దానిని చేతికిచ్చినవాడు మేస్త్రీయే.

ఉపాధ్యాయుడు వచ్చు వేళకు హెడ్డు లేతు షాపునుండి తిరిగి వచ్చియుండెను. మేస్త్రీ పోగు చుట్టుకొనియున్న పాత ప్లగ్గును అతని చేతిలో పెట్టెను.

“మీ చేతిలోనే పోయిందా, అంతకు ముందే పాడై ఉందా?” అని ఉపాధ్యాయుడు అడిగెను.

“అది నేను చెప్పలేను మాస్టారూ. ఊడింది మాత్రం మా దగ్గరే. ఉక్కు బుష్ వేయించాను. ఇక ఎక్కడ విప్పించినా, బండి చల్లారాక విప్పమనండి. బుష్ ఉందని ముందే చెప్పండి.”

ఉపాధ్యాయుడు కొంతసేపు ఆ ప్లగ్గును వ్రేళ్లతో త్రిప్పుచు ఊరకుండెను. లేతు ఖర్చు తానిత్తుననియు, కూలి మాత్రము ఈయననియు చెప్పెను. మేస్త్రీ ఒప్పుకొనెను. ఈ పంపకము న్యాయమైనదేనా యని పదిమందిని అడిగిన పది జవాబులు వచ్చును.

యువకుడు క్రొత్త ప్లగ్గు తలకు ఒక రబ్బరు గొట్టపు ముక్కను తొడిగెను. మర వంకరగా పట్టినచో ఆ గొట్టము జారునే గాని బలవంతము చేయదు. మేస్త్రీ చెప్పినట్లు మొదట ఎడమకు, అనగా వెనుకకు, మెల్లగా త్రిప్పుచు, మర మొదలు కుదిరి ‘టిక్కు’మని దిగువరకు ఆగి, అటుపిమ్మట కుడికి త్రిప్పనారంభించెను. ఉపాధ్యాయుడు వంగి చూచుచుండెను.