కాలిమిషనూ లోభమూ

1909లో రాసిన ‘హింద్ స్వరాజ్’లో గాంధీజీ యంత్రాలను మహాపాపంగా భావించారు. 1924లో ఢిల్లీలో శాంతినికేతన్ విద్యార్థి జి. రామచంద్రన్ ఆ మాటే ఎత్తినప్పుడు, ఈ దేహమూ యంత్రమే, రాట్నమూ యంత్రమే అన్నారు; తనకు గిట్టనిది యంత్రాల పిచ్చి అని వివరించి, సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక పడే అవస్థ చూడలేక, ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన నమ్మకం.

చరిత్ర మాత్రం ఈ కథను బలపరచదు. ఐజాక్ సింగర్ పేటెంట్ 1851 నాటిది. ఎలియాస్ హోవ్‌కు 1846లోనే పేటెంట్ దక్కింది. ఇద్దరూ కోర్టుకెక్కారు, 1856లో తయారీదారులు రాజీపడి తమ పేటెంట్లను ఉమ్మడి చేసుకున్నారు. ఈ పోరాటమంతా లాభం కోసమే. మరి పుట్టుకలో ప్రేమ లేకపోతే మినహాయింపు చెల్లదా?

చెల్లుతుంది. అయితే కారణాన్ని వాడకంలో వెతకాలి. కాలిమిషను మీద కుట్టే స్త్రీ రెండు పాదాలూ పెడల్ మీద ఉంచి, కుడిచేత్తో పైచక్రాన్ని తనవైపు తిప్పుతుంది. కింది పెద్ద చక్రం కదలిక తోలుబెల్టు ద్వారా పైకి చేరుతుంది. చక్రం వెనక్కి తిరిగితే దారం చిక్కుపడుతుంది, తెగుతుంది. అందుకే కాలికి, చేతికి, కంటికి ఒకే లయ కుదరాలి. మూల తిరిగేచోట కాలు నెమ్మదిస్తుంది, కాలు ఆగితే సూది ఆగుతుంది. చీరకు ఫాల్ వేసినా, దిండు గలీబు కుట్టినా, చిన్నదైన జాకెట్టు కుట్లు విప్పి వదులుచేసినా వేగం ఆమె చేతిలోనే ఉంటుంది. ఇక్కడ యంత్రం శ్రమను తగ్గించింది, నేర్పును మాత్రం తీసేయలేదు. ఉన్న బట్టను మరికొన్నాళ్లు నిలబెట్టే ఈ పని అవసరానికి మించి కూడబెట్టకపోవడమనే అపరిగ్రహానికి కూడా దగ్గరిది.

కానీ ఇదే మిషను మీద ఇంట్లోనే ముక్కకింత చొప్పున కుట్టి దుకాణానికి ఇచ్చే స్త్రీ పరిస్థితి వేరు. ఆమె కాలు ఎప్పుడు ఆగాలో కూలిరేటు నిర్ణయిస్తుంది. యంత్రంలో ఒక్క మరా మారలేదు. మారింది ఆ పని ఫలం ఎవరికి చేరుతుందన్నది. ఈశావాస్యోపనిషత్తు తొలి మంత్రం పరుల ధనం మీద ఆశ పెట్టుకోవద్దంటుంది. ఆ నిషేధం కుట్టే ఆమె కన్నా కుట్టించుకునే వాడికే ఎక్కువ వర్తిస్తుంది. చౌక బట్ట కొనే మనమూ అందులో భాగస్థులమే.

ఆనాటి సంభాషణలో రామచంద్రన్ సింగర్ మినహాయింపుతో వదల్లేదు. కుట్టుమిషన్లు తయారుకావాలంటే పెద్ద ఫ్యాక్టరీ, అందులో భారీ యంత్రాలు కావాలి కదా అన్నారు. గాంధీజీ ఒప్పుకున్నారు. అలాంటి ఫ్యాక్టరీలు జాతీయం కావాలని, లాభం కోసం కాక మానవాళి మేలు కోసం నడవాలని సమాధానమిచ్చారు. కాలిమిషనుకు మోటారు బిగించుకునే విషయంలోనూ ఇదే కొలమానం పనికొస్తుంది. మోకాళ్లు అరిగిన ముసలామెకు మోటారు ఊరట. అదే మోటారు సరుకు గడువు కోసం నిద్ర మాన్పిస్తే అభ్యంతరకరం.