మనం సగటుకి పైనా, కిందా?



మూలా నక్షత్రం రోజున మన గుడిలో సందడే వేరు. పిల్లలు స్కూలు పుస్తకాలు, పెన్నులు, కాలిక్యులేటర్లు, ఈమధ్య ల్యాప్‌టాప్‌లు కూడా తెచ్చి సరస్వతీ అమ్మవారి ముందు పెడతారు. ఇంకోపక్క చిన్నపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పళ్ళెంలో బియ్యం మీద అక్షరాలు దిద్దిస్తారు. బాసర దాకా వెళ్ళలేని మనకి ఆ పూట మన గుడే బాసర. ఆరోజు చేతులు జోడించిన ప్రతి తల్లీ తండ్రీ కోరుకునేది ఒకటే, మా బిడ్డకి మంచి బుద్ధి ఇవ్వమ్మా అని. "సగటు బుద్ధి చాలు తల్లీ" అని దణ్ణం పెట్టుకున్నవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు. నేనూ అలా పెట్టుకోలేదు.

రెండేళ్ళ క్రితం అదే పూజ అయ్యాక ప్రసాదం తిని కారులో ఇంటికి వస్తున్నాం. వెనక సీట్లోంచి మా అమ్మాయి, అప్పుడు ఆరో క్లాసు, "నాన్నా, నేను యావరేజా?" అని అడిగింది. ఆ వారమే స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది, అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్ క్లాసుకి తను సెలెక్ట్ కాలేదని. గుడి హాల్లో తన ఈడు పిల్లలు నలుగురు ఆ క్లాసు గురించే మాట్లాడుకున్నారట. నేను ఆలోచించకుండా, "నువ్వు యావరేజేమిటమ్మా, మన ఇంట్లో యావరేజ్ వాళ్ళు ఎవరూ లేరు" అన్నాను. ధైర్యం చెప్పాననే అనుకున్నాను.

నెల తిరగకుండానే తన బ్యాగు అడుగున నాలుగు మడతలు పెట్టిన పరీక్ష పేపరు మా ఆవిడకి దొరికింది. మార్కులు మరీ తక్కువేం కాదు. ఎందుకు దాచావమ్మా అంటే, "మన ఇంట్లో యావరేజ్ వాళ్ళు లేరన్నావు కదా నాన్నా" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ధైర్యం చెప్పాననుకున్న మాటతో నా కూతురికి మా ఇంటి తలుపు వేసేశానని తెలిసింది.

అప్పటినుంచీ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అసలు మన తెలివి సగటుకి పైన ఉందో కింద ఉందో మనంతట మనం తేల్చుకోగలమా?

ఈ నమ్మకం నా ఒక్కడిదే కాదు. 2018లో ప్రచురించిన ఒక సర్వేలో, తాము సగటు మనిషికన్నా తెలివైనవాళ్ళమని అమెరికన్లలో 65 శాతం మంది చెప్పారు. 1981లో ఓలా స్వెన్సన్ అనే పరిశోధకుడు కారు నడపడం గురించి అడిగితే, అమెరికన్ విద్యార్థుల్లో 93 శాతం మంది తమ నైపుణ్యం పై సగంలో ఉందన్నారు. అంతకుముందు 1977లో నెబ్రాస్కా యూనివర్శిటీలో పాఠాలు చెప్పేవారిని అడిగితే, 94 శాతం మంది తాము సగటుకన్నా బాగా చెబుతామన్నారు. అంటే ప్రొఫెసర్లూ మనలాంటి వాళ్ళేనన్నమాట!

లెక్క ప్రకారం ఇది ఎలా కుదురుతుంది? కొన్ని విషయాల్లో కుదరవచ్చు. పాట్‌లక్‌కి పదిమంది వచ్చారనుకోండి. తొమ్మిదిమంది రెండేసి గరిటెల పులిహోర తిని, పదోవాడు అసలు తినకపోతే సగటు రెండుకన్నా తగ్గుతుంది. అప్పుడు తొమ్మిదిమంది సగటుకి పైనే! కానీ ఐ.క్యూ. పరీక్షల్లో సగటు 100 ఉండేలా, పైనా కిందా సమానంగా పరుచుకునేలా స్కేలు తయారు చేస్తారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది 85కీ 115కీ మధ్య ఉంటారు. సగం మంది 100కి కింద ఉండి తీరాలి. ఆ సగం మంది ఎక్కడికి పోయారు? మనం చదివే ఏ సర్వేలోనూ వాళ్ళు చెయ్యెత్తరు. మన ఫంక్షన్లలో అసలే కనబడరు.

ఇక్కడ మన తెలుగువాళ్ళకి ఇంకో చిక్కుంది. సగటు అంటే ఎవరి సగటు? 1946 తర్వాత కూడా భారతదేశం నుంచి ఈ దేశానికి వలస కోటా ఏడాదికి 100 మందే. 1965 చట్టంతో తలుపు తెరుచుకుంది, కానీ చాలావరకు చదువుకున్నవాళ్ళకే. 1990 చట్టంతో హెచ్-1బి వచ్చింది, దానికీ డిగ్రీ కావాలి. ఎంసెట్ ఒక జల్లెడ, క్యాంపస్ ఇంటర్వ్యూ ఒక జల్లెడ, కాన్సులేట్ ఒక జల్లెడ. ఇన్ని జల్లెడల్లో మిగిలినవాళ్ళం ఒక హాల్లో చేరి, మన పిల్లల్ని ఆ హాలు సగటుతో కొలుస్తున్నాం. ఈ హాల్లో మధ్యలో ఉన్న పిల్ల ఊళ్ళో ఎక్కడుందో, దేశంలో ఎక్కడుందో ఎవరూ చెప్పరు. ఆ పిల్ల తను వెనకబడ్డానని నమ్మి కూర్చుంటుంది.

పెద్దవాళ్ళ సంగతి దీనికి తలకిందులు. జల్లెడలో మిగిలింది అంతా మన బుద్ధిబలమే అనుకుంటాం. మా ఊరి హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన స్నేహితుడు ఒకడున్నాడు. అరుగు మీద కూర్చుని నా హోంవర్కు వాడే చేయించేవాడు. పదో తరగతి అవుతుండగా వాళ్ళ నాన్నగారు పోయారు. పొలం, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు వాడి మీద పడ్డాయి. నేను ఇక్కడున్నాను, వాడు అక్కడున్నాడు. మా ఇద్దరి మధ్య ఉన్న తేడాకి బుద్ధి అని పేరు పెట్టడానికి నాకు నోరు రాదు.

రెండో చిక్కు కొలబద్ద గురించి. ఎదుటివాడి ఎత్తు కొలవాలంటే టేపు వేరే ఉంటుంది. నా బుద్ధిని కొలవాలంటే మాత్రం నా బుద్ధే టేపు. 1999లో కార్నెల్ యూనివర్శిటీకి చెందిన డన్నింగ్, క్రూగర్ ఈ సంగతే పరీక్షించారు. అన్నిటికన్నా తక్కువ మార్కులు వచ్చినవాళ్ళు సగటున నూటికి 12వ స్థాయిలో ఉండి, తాము 62వ స్థాయిలో ఉన్నామనుకున్నారు. బాగా చేసినవాళ్ళేమో తమని కాస్త తక్కువగా వేసుకున్నారు. ఈ ఫలితంలో కొంత భాగం లెక్కల తీరువల్ల కూడా వస్తుందని తర్వాత వచ్చిన విమర్శలు చెప్పాయి. అయినా తన తప్పు తనకి కనబడాలంటే ఆ విషయం కొంత తెలిసి ఉండాలనే మాట సబబుగానే ఉంది. శ్రుతి తెలియనివాడికి అపశ్రుతి ఎలా వినబడుతుంది?

పోనీ ఎదుటివాళ్ళ టేపుతో కొలిపించుకుందామా అంటే, అదీ పూర్తిగా నమ్మదగింది కాదు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నానికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకున్నందుకు ప్రొఫెసరుకి కోపం వచ్చింది, పూర్తి డిగ్రీకి బదులు ఎల్.ఎం.ఎస్. తోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో చదువుకుని, 1930లో పీహెచ్.డి. తీసుకున్నారు. అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. న్యూజెర్సీ సరిహద్దు పక్కనే ఆ ఊరు. అక్కడ ఆయన నడిపిన బృందాల నుంచి ఫోలిక్ యాసిడ్ తయారీ, బోదకాలుకి వాడే హెట్రజాన్, కేన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ వచ్చాయి. 1948లో 53 ఏళ్ళకే పోయారు. ఇవాళ గర్భిణీ స్త్రీలకి డాక్టరు రాసే ఫోలిక్ యాసిడ్ మాత్ర వెనక మన భీమవరం మనిషి ఉన్నాడు. పదిహేనేళ్ళ వయసులో ఆయన బుద్ధికి మార్కులు వేయమంటే ఊళ్ళోవాళ్ళు ఎన్ని వేసేవారు?

మెట్రిక్ తప్పిన ప్రతివాడూ సుబ్బారావుగారు అవుతాడని నేను అనడం లేదు. అలా అనుకుంటే అది ఇంకో రకం "మన ఇంట్లో యావరేజ్ వాళ్ళు లేరు" అవుతుంది. ఆ పరీక్ష కొలిచింది ఆయనలో ఒక భాగాన్నే అంటున్నాను. 1905లో పారిస్‌లో మొదటి బుద్ధి పరీక్షని తయారు చేసిన బినే ఉద్దేశం కూడా ఏ పిల్లలకి అదనపు సాయం కావాలో తెలుసుకోవడమే. మనం దాన్ని గొప్పల పట్టికగా మార్చుకున్నాం.

మన పెద్దలు ఈ విషయం ఏనాడో ఆలోచించారు. ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతువు కథ మీకు తెలిసే ఉంటుంది. పన్నెండో ఏట గురుకులానికి వెళ్ళి, ఇరవైనాలుగో ఏట అన్నీ చదివేశానన్న గర్వంతో తిరిగి వచ్చాడు. తండ్రి ఉద్దాలకుడు ఒక్క ప్రశ్న అడిగేసరికి జవాబు లేదు. తర్వాత తండ్రి అతన్ని పదిహేను రోజులు నీళ్ళు మాత్రం తాగి ఉండమన్నాడు. ఆపైన వేదం చెప్పమంటే ఒక్క ముక్క గుర్తు రాలేదు. అన్నం తిన్నాక అన్నీ గుర్తొచ్చాయి. నాది, నాది అనుకున్న తెలివి నాలుగు ముద్దల అన్నం మీద ఆధారపడి ఉందని ఆ కుర్రవాడికి అర్థమైంది. ఆ అన్నం ఎవరు వండారు, ఎవరు పండించారు అని అడిగితే మా ఊరి స్నేహితుడు నాకు గుర్తొస్తాడు.

అదే ఉపనిషత్తులో ఇంకో ఘట్టం ఉంది, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. పాంచాల సభలో ప్రవాహణుడనే రాజు శ్వేతకేతువుని అయిదు ప్రశ్నలు అడిగాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. అవమానంతో ఇంటికొచ్చి తండ్రితో చెప్పుకున్నాడు. తండ్రి కొడుకుని కోప్పడలేదు, మన వంశంలో ఇలాంటిది లేదు అనలేదు. ఆ జవాబులు తనకీ తెలియవని ఒప్పుకుని, అంతటి పండితుడు తనే రాజు దగ్గరికి నేర్చుకోవడానికి బయల్దేరాడు. గీత 13వ అధ్యాయంలో జ్ఞానమంటే ఏమిటో చెప్పే పట్టికలో మొదటి మాట అమానిత్వం, అంటే నేను గొప్ప అనుకోకపోవడం. ఉద్దాలకుడు చేసి చూపించింది అదే.

అయితే అమానిత్వం అంటే మనల్ని మనం తక్కువ చేసుకోవడం కాదు. "నాకేం రాదు" అని ముందే చెయ్యి దించేసే పిల్ల కూడా తనని తప్పుగానే కొలుచుకుంటోంది. ఆ తప్పుకి మూల్యం ఎక్కువ, తనకి వచ్చేది కూడా చెయ్యకుండా వదిలేస్తుంది. మరి సరిగ్గా కొలుచుకోవడం ఎలా? నాకు తోచింది ఇది. "నేను తెలివైనదాన్నా" అన్న పెద్ద ప్రశ్నకి జవాబు లేదు. "నాకు భిన్నాల భాగహారం వచ్చా" అన్న చిన్న ప్రశ్నకి ఉంది. స్పెల్లింగ్ బీ చూడండి. రత్నం చిట్టూరిగారు 1989లో భారతదేశంలోని పేద విద్యార్థుల స్కాలర్‌షిప్‌ల కోసం మొదలుపెట్టిన నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీల్లో మన పిల్లలు ఎంతమంది పాల్గొన్నారో మీకు తెలుసు. అక్కడ మైకు ముందు నిలబడిన పిల్లకి మాట వచ్చో రాదో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. అది ఆ మాట గురించి తీర్పు, ఆ పిల్ల గురించి కాదు. వెనక కూర్చున్న మనం ఆ తేడా మరచిపోకుండా ఉంటే చాలు.

మా ఇంట్లో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. పరీక్ష రాసి వచ్చిన రోజే మా అమ్మాయి తనకి ఎన్ని మార్కులు వస్తాయో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటిస్తుంది. అసలు మార్కులు వచ్చాక రెండూ పక్కపక్కన చూస్తాం. మార్కులు ఎన్నని కాదు, తన అంచనా ఎంత దగ్గరగా వచ్చిందని చూస్తాం. మొదట్లో ఇరవై మార్కుల తేడా వచ్చేది, ఇప్పుడు నాలుగైదుకి వచ్చింది. నేనూ నా ఆఫీసు పనికి ఎన్ని రోజులు పడుతుందో ఆ పక్కనే రాస్తాను. ఇంతవరకూ నా అంచనా ఒక్కసారి కూడా సరిగ్గా రాలేదు. అది చూసి మా అమ్మాయి పడే ఆనందం ఇంతా అంతా కాదు.

మొన్న వేసవిలో మా అమ్మ వచ్చి ఆరునెలలు ఉంది. ఆవిడ చదివింది అయిదో తరగతి. వచ్చిన రెండో రోజే మనవరాల్ని పిలిచి, "ఈ వీడియో ఫోను నాకు రాదు తల్లీ, నేర్పించు" అని పక్కన కూర్చుంది. మళ్ళీ మర్చిపోయినా మొహమాటపడకుండా మళ్ళీ అడిగేది. నేను ఆఫీసు మీటింగుల్లో ఇరవై ఏళ్ళుగా అనలేకపోయిన మాట, "నాకు రాదు, నేర్పించు" అన్నది, ఆవిడ రోజుకి మూడుసార్లు అనేది.

ఆవిడ వెళ్ళిపోయాక ఒక రాత్రి మా అమ్మాయి లెక్కల పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చుని, "నాన్నా, ఇది నాకు రాదు" అంది. చూస్తే అది నాకూ రాలేదు. ఇద్దరం కలిసి పాఠం మొదటి నుంచి చదువుకున్నాం. రెండేళ్ళ క్రితం కారులో అడిగిన ప్రశ్నకి నేను జవాబు చెప్పడం మొదలుపెట్టింది బహుశా ఆ రాత్రే.

ఈసారి మూలా నక్షత్రం నాడు అమ్మవారి ముందు నేను కోరుకోబోయేది మీకూ చెబుతున్నాను. మా పిల్లని అందరికన్నా పైన ఉంచమని కాదు. తనకి ఏది వచ్చో ఏది రాదో తెలుసుకునే బుద్ధి, రానిది రాదని చెప్పే ధైర్యం, ఆ మాట వినగలిగే తల్లిదండ్రులు తనకి ఉండాలని. ఈ మూడో కోరిక తీర్చడం మాత్రం అమ్మవారి చేతిలో కన్నా మా చేతిలోనే ఎక్కువ ఉంది.