చెవికి రెప్ప

కంటికి రెప్పను, నాలుకకు పెదవుల తలుపును ఇచ్చిన విధాత చెవికి మాత్రము ఏ మూతయు నీయక రేయింబవళ్లు తెరచియే యుంచెనేల అను సందేహము నాకు బడిలో పాఠములు చెప్పు రోజులలో ఒకటి రెండు సారులు కలిగినదిగాని, దానిని పట్టుకొని కూర్చుండవలసినంత అక్కర కలుగలేదు. ఉద్యోగవిరమణానంతరము అరకులోయలో, డుంబ్రిగుడ పోవు త్రోవప్రక్కన చిన్న యిల్లు కట్టుకొని కాలక్షేపము చేయుచున్న నాయొద్దకు, గడచిన మార్గశిరమున, పొరుగు కుఱ్ఱవాడొకడు కాఫీపండ్లు కోసి కూడబెట్టిన పదునైదువందల రూపాయలు చేతబట్టుకొని వచ్చి, "మాస్టారూ, పాటలకీ గేముకీ రెండిటికీ పనికొచ్చే ఇయర్‌ఫోను ఏటి కొనమంటారు?" అని యడిగినప్పుడు ఆ పాత సందేహమే క్రొత్త వేషము వేసికొని వాకిట నిలిచినట్లయినది.

నన్నే యేల అడిగెనో చెప్పవలసియున్నది. సంగీతము వినుట నాకుగల యేకైక దుర్వ్యసనము. బెంగుళూరులోనున్న మా అబ్బాయి ఒకటి పంపగా, అది చాలక మఱియొకటి, అదియు చాలక మూడవది తెప్పించుకొని, మూడింటిని ఖాళీ చ్యవనప్రాశ డబ్బాలో దాచుకొన్నవాడను. అపరిగ్రహమును గూర్చి ముప్పదియేండ్లు తరగతిలో ఉపన్యసించిన నోరు, ఆ డబ్బా మూత తీయునప్పుడెల్ల కొంచెము సిగ్గుపడును. డబ్బా సంగతి కుఱ్ఱవానికి తెలియును.

ఈ వస్తువునకు వ్యాపారులు పెట్టిన పేరు ఇన్-ఇయర్ మానిటర్. మానిటర్ అనునది పాట వినువానికై కాక పాడువానికై పుట్టిన సాధనము. రంగస్థలముపై వాద్యముల హోరులో గాయకునకు తన గొంతు తనకే వినబడక శ్రుతి తప్పుచుండగా, అతని స్వరమును అతనికే తిరిగి వినిపించుటకై పాదములచెంత స్పీకర్లనుంచుట ఆచారము. ఆ స్పీకరును కుదించి చెవిరంధ్రములోనికే దింపుట తరువాతి పరిణామము. 1995 ప్రాంతమున అమెరికాలో జెర్రీ హార్వే యను ధ్వనినిపుణుడు, ఆలెక్స్ వాన్ హేలెన్ అను డ్రమ్ముల వాద్యకారునికి ఇట్టి జతనొకదానిని చేసియిచ్చెననియు, అల్టిమేట్ ఇయర్స్ సంస్థకు అదియే నాందియనియు చెప్పుదురు. వినికిడి తగ్గినవారి యంత్రములకై రూపొందిన ఆర్మేచర్ అను సూక్ష్మపరికరము ఈ వంశమున ఒక శాఖకు మూలపురుషుడు. ఆత్మశ్రవణమునకై పుట్టినది క్రమముగా లోకమును మఱచుటకు సాధనమగుట చూడగా, మనుష్యుడు ఏ పనిముట్టునైనను తన వాంఛవైపు ఎంత సులువుగా త్రిప్పుకొనునో తెలియును.

ఇక వెల. కొన్నియేండ్ల క్రిందట పదివేలు పోసినగాని దొరకని శ్రావ్యత నేడు పదునైదువందలకు, రెండువేలకు దొరకుచున్నది. మూన్‌డ్రాప్ వారి చూ, సెవెన్‌హెర్ట్జ్ వారి జీరో, ట్యాంగ్జూ వారి వానర్ మొదలయినవి ఈ తరగతిలోనివి. కడపటి పేరు విని కుఱ్ఱవాడు "కిష్కింధ సరుకా మాస్టారూ?" అని నవ్వెను, అది టాంగ్ వంశకాలపు చీనా కవయిత్రి పేరని చెప్పగా, కొనక మునుపే దానిమీద వానికి గౌరవము కలిగినట్లు తోచినది. 2017లో బ్రేబార్ట్ అను పరిశోధకుడు 283 హెడ్‌ఫోనుల స్వరప్రతిస్పందనమును కొలిచి, వెలకును ఆ ప్రతిస్పందనమునకును పొంతనయే లేదని ప్రకటించెను. మిక్కిలి వెల పోసినవారికి ఈ వార్త పథ్యము కానేరదు; నాకును కాలేదు. ఒక్కొక్క చెవిలో ధ్వని పుట్టించు డ్రైవర్లు ఎనిమిదేసి యున్నవని అట్టపెట్టెమీద అచ్చువేసిన గొప్పలను చూచి మోసపోవలదని మాత్రము చెప్పితిని: పదితలలుండియు రావణునకు మంచిమాట ఒక్కటియు తలకెక్కలేదుగదా!

అయితే ఏది కొనవలెను? ఈ ప్రశ్నకు ఉత్తరము చెవిరంధ్రముననే యున్నదని చెప్పుటకు నేను తర్కశాస్త్రమును ఆశ్రయింపవలసివచ్చినది. శబ్దము ఆకాశముయొక్క గుణమని వైశేషికుల మతము. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలురకు నేర్పిన తొలిపాఠములలో ఇదియొకటి. అతనికి ఇంచుమించు వేయేండ్లు పూర్వుడైన ప్రశస్తపాదుడు, చెవి యనునది వేఱొక పదార్థము కాదు, కర్ణవివరమున చిక్కుకొన్న ఆకాశభాగమే శ్రోత్రేంద్రియమని నిర్ణయించెను. ఆకాశము ఒక్కటియు నిత్యమును అయినచో లోకమున చెవిటివాడుండుటెట్లు? చెవిటివానికి ఆకాశము కొఱవడి కాదు, ఆ ఆకాశమును వాని భోగముతో ముడివేసిన ధర్మాధర్మబంధము లోపించుటచేతనని ఆయన సమాధానము. శూన్యమున శబ్దము లేదని పదవతరగతి పిల్లవాడును ఎఱిగిన యీకాలమున ఆ భౌతికశాస్త్రము నిలువదు. కాని, వినుటయనగా సర్వసామాన్యమైన యొక విశాలతలో చిన్న తునుకను "నాది" యని గిరిగీసికొనుటయే యను భావము నిలుచుననియే నా నమ్మకము. ఇయర్‌ఫోను చేయుపని అక్షరాల అదియే గనుక. ఇంచుమించు రెండున్నర సెంటీమీటర్ల పొడవుగల ఆ రంధ్రము వాకిట సిలికాన్ టిప్పు చక్కగా అతుకుకొన్నచో లోపలి గాలి బయటి గాలితో తెగతెంపులు చేసికొనును. అతుకుకొననిచో మంద్రస్వరమంతయు సందులలోనుండి కారిపోయి, మృదంగమున ఎడమచేతి గుమికి మాయమై కుడిచేతి టంకారమే మిగులును. కాబట్టి పెట్టెలో వచ్చు మూడు కొలతల టిప్పులలో ఏది తనదో కనుగొనుట, ఏ కంపెనీదో తెలిసికొనుటకంటె ముఖ్యము. మా పొరుగు కుఱ్ఱవానికి ఎడమచెవికి చిన్నదియు కుడిచెవికి నడిమిదియు సరిపోయినవి. రెండు చెవులు ఒక్కకొలతలో లేకుండుట తనకే వచ్చిన లోపమనుకొని వాడు దిగులుపడగా, పలువురికి అంతేయని నచ్చచెప్పుటకు ఒక గ్లాసు టీ ఖర్చయినది.

నా జతలలో ఒకదానిని వాని చెవులకమర్చి, తీగ ఇంకను ఫోనునకు తగిలింపకముందే, వాడు కనుబొమలు ముడిచి "ఏటిది మాస్టారూ, పాటెట్టకుండానే లోపల హోరుమంటంది?" అనెను. నాకు ఒడలు పులకించినది. చెవులు మూసికొన్నప్పుడు మండుచున్న అగ్నివలె వినబడు ధ్వని లోపలి జ్యోతియొక్క శబ్దమని ఛాందోగ్యము చెప్పుచున్నది. అది దేహమున అన్నమును పచనముచేయు వైశ్వానరాగ్ని ఘోషయనియు, ప్రాణము పోవువేళ మనుష్యుడు దానిని వినజాలడనియు బృహదారణ్యకము చెప్పుచున్నది. హఠయోగులు బొటనవ్రేళ్లతో చెవులు మూసికొని నాదానుసంధానము చేసిరి. చెవి మూయబడినప్పుడు దేహములోని సవ్వడులు వెలికిపోవు దారిలేక బలపడునని నేటి వైద్యులు దీనికి చెప్పు కారణమును గూడ వానికి విన్నవించితిని. రెండింటిలో వానికి నచ్చినది అగ్ని.

గేము విషయమున వాని కోరిక స్పష్టమైనది: శత్రువుయొక్క అడుగుల చప్పుడు ఎటునుండి వచ్చుచున్నదో ముందుగా తెలియవలెను. ఈ మాట విన్నంతనే నేను ఉలికిపడితిని. థింసా యను మా లోయ నృత్యము పేరునకు అడుగుల చప్పుడనియే అర్థమని ఇచ్చటివారు చెప్పుదురు. మోరి ఊదుచుండగా, తుడుమును డప్పును మ్రోగుచుండగా, స్త్రీలు ఒకరి వీపువెనుక ఒకరు చేతులు పెనవేసికొని గొలుసువలె సాగుచు ఒక్కసారిగా నేలను తాకించు ఆ అడుగు ఎటునుండి వచ్చినదని యెవ్వరు నడుగరు. వినువారు వేఱుగా నుండినగదా అడుగుట! తాత ముత్తాతల కాలమున చైత్రమాసపు ఇటుకల పండుగకు వేటకై అడవికి పోయిన మగవారికి మాత్రము ఆ ప్రశ్న ప్రాణప్రదము. 1972 నాటి వన్యప్రాణి చట్టము మృగములను కాపాడుచున్న యీకాలమున ఆ వేట తంతుగా మిగిలిననేమి, ఎండుటాకు చప్పుడు విని తల త్రిప్పు నేర్పు ఆ రక్తములో నింకను ఇంకిపోలేదు. ఒక చెవికంటె రెండవచెవికి శబ్దము సెకనులో వేయవవంతుకన్నను తక్కువ యాలస్యముగా చేరుటను, కొంచెము నీరసించి చేరుటను బట్టి మనస్సు దిక్కును తేల్చుకొనునని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ 1907లో విశదపఱచెను. ముందు వెనుకలను, క్రిందు మీదులను తేల్చునది బయటి చెవిదొప్పయొక్క ముడుతలు. ఇయర్‌ఫోను ఆ దొప్పను దాటవేసి సరాసరి లోనికి పోవును. కనుక దిక్కును కల్పించి చెప్పవలసిన బాధ్యత గేములోని గణితముమీద పడుచున్నది. గేమింగు కొఱకు ప్రత్యేకమని చెప్పి అధికముగా అడుగువాడు ఎక్కువభాగము రంగుదీపములకే వెల కట్టుచున్నాడు. తీగలేని బ్లూటూత్ జతలో శబ్దము ఆలస్యముగా చేరును గావున అడుగు వినబడులోపల గుండు తగులును; తీగగలదియు, మైకు ఉన్నదియు, తీగ పాడయినచో విప్పి మార్చుకొనుటకు వీలైనదియు చాలును. వెలతక్కువ ఫోనులలో తీగ గ్రుచ్చు రంధ్రము నేటికిని మిగిలియుండి, ఖరీదైనవానిలోనే మాయమగుట పేదవానికి దైవము చేసిన చిన్న యుపకారము.

ఇంతవఱకు లౌకికము. చెవి మూసికొనవచ్చునా యనునదే అసలు ప్రశ్న. కొత్తవలస నుండి కిరందుల్ పోవు రైలులో బొర్రాగుహల వైపు ఎక్కుచు, ఒక సొరంగము వెనుక ఒక సొరంగముగా, ఇనుపచక్రముల రొద నలువైపుల గోడలకు తగిలి మీదపడుచున్నప్పుడు, చెవులు మూసికొనుట పాపమని చెప్పుటకు నాకు నోరు రాదు. పెద్దవారికి వారమున నలువది గంటలు 80 డెసిబెల్లుల ధ్వనియే మేరయనియు, అది 90కి పెరిగినచో నాలుగు గంటలే మేరయనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు గీసియున్నది. చక్కగా మూయబడిన చెవికి చిన్న ధ్వనియే చాలును, మూయబడనిది రొదతో పందెము కట్టి వాల్యూము పెంచును. తన చెవియెడల అహింసకై మూతయే మంచిదన్నమాట. కాని, క్రిందటి యేడు ఇంటివెనుక కూర్చుండి త్యాగరాజకీర్తనము వినుచున్న నేను, గట్టుమీదనుండి పొరుగామె గొంతు పగులునట్లు పిలిచిన పిలుపు వినలేదు. కీర్తన ముగియునప్పటికి ఆవులు నా రాజ్మామడిని సగము మేసినవి. రాజ్మా పోయినందులకు నాకు చింతలేదు. ఆమె అంతసేపు పిలిచినదని తెలిసినప్పుడు కలిగిన సంకోచము మాత్రము నేటికిని తీరలేదు.

కన్ను పడకటిల్లు, దానికి తలుపుండుట న్యాయము. చెవి వీథి అరుగు. త్రోవన పోవువాడెవడైనను కూర్చుండుటకు కట్టినది. ఇంటివానిదే యైనను ఇంటివానికై కట్టినది కాదు. మన శాస్త్రములు శ్రవణమును మననమునకు ముందు, నవవిధభక్తులలో మొదట నిలుపుటకు కారణము ఇదియేనని నాకు తోచును: కోరినదానినే చూడవచ్చునుగాని, కోరనిదియు వినవలసివచ్చును, పరుని మాట తనలోనికి ప్రవేశించుటకు తాను అనుమతి నీయకున్నను దారియుండుటయే వినయమునకు మొదటి మెట్టు. ఎండకో వానకో అరుగునకు తడిక కట్టుకొనుటలో తప్పులేదు. ఆ తడికకు పదునైదువందలు చాలును, అంతకు పైబడిన సొమ్ము తడికకొఱకు గాక తడికల లెక్కకొఱకు పోవునదని నా చ్యవనప్రాశ డబ్బాయే సాక్షి.

వాడు కడకు కొన్నది వానర్. పార్సిలు వచ్చిననాటి సాయంకాలము నన్ను పిలిచి, ఊరి తల్లి పండుగలో తన ఫోనునందు పట్టిన మోరి పాటను వాళ్ల అవ్వకు వినిపించుచుండగా నేనును చెంతనుంటిని. అవ్వ ఆదివాసీ ఒడియా తప్ప వేఱుభాష ఎఱుగదు. వంగిన వ్రేళ్లతో ఆమె చెవులపై చేతులుంచుకొని, మొదట కొండవైపు తల త్రిప్పెను, పిదప ఊరివైపు, పిదప ఎటును త్రిప్పక, నేలను చూచుచు, మెల్లగా ఏదియో యనెను. "ఏటంటంది?" అని అడిగితిని. "ఈ మోరి ఎటేపూ లేదు, నా తలకాయలోనే ఊదుతున్నారు, అమ్మవారేమన్నా నా మీదకి ఒచ్చిందేటి అంటంది మాస్టారూ" అని వాడు నవ్వుచు తెలిపెను. నాకు నవ్వు రాలేదు. దిక్కులేని శబ్దము, వెలుపలినుండి రాని పిలుపు, వినినవారి తలలోనే పుట్టినట్లుండు పలుకు: బాయ థింసాలో పూనకము వచ్చినవాడు వినునది ఇదియే కాబోలు! ఆమె పాట ముగియువఱకు కదలలేదు. తరువాత రెండింటిని ఊడదీసి, చీరకొంగుతో తుడిచి, మనుమని అరచేతిలో పెట్టి వెల యెంత యని యడిగెను.

వాడు నావైపు ఒకసారి చూచి, మూడువందలని చెప్పెను.

అదియు ఎక్కువేనని అవ్వ అనెను. నేను మాటాడలేదు.