సూదిని కొలిచారు, చేతిని కొలవలేదు



తనను తాను కాపాడుకొనేందుకు స్త్రీ ఆయుధం పట్టవచ్చునా? రెండవ చెంప చూపమన్న క్రీస్తు బోధ విన్న మనకు ఇది తేలిక ప్రశ్న కాదు. ఒక చిన్న సూది కథ చూద్దాం.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అమెరికా స్త్రీలు పెద్ద పెద్ద టోపీలు ధరించేవారు. అవి జారిపోకుండా జుట్టులోకి గుచ్చే సూదులు కొన్ని అడుగు పొడవు ఉండేవి. పనులకు ఒంటరిగా వెళ్లే స్త్రీలను బండ్లలో, వీధులలో వేధించే మగవారుండేవారు. 1903లో న్యూయార్కులో గుర్రపు బండిలో వెళ్తున్న ఒక యువతి, తనపై చేయి వేసిన పెద్దమనిషి చేతిలో ఆ సూది దించింది. ఇటువంటి వార్తలు పత్రికలలో తరచు రాసాగాయి.

1910లో షికాగో నగరసభ, టోపీ దాటి అర అంగుళం కంటే ఎక్కువ బయటికి వచ్చే సూదులను నిషేధించింది. జరిమానా 50 డాలర్లు. రద్దీలో ఆ సూదులు గుచ్చుకొని ఏ పాపమూ ఎరుగనివారు గాయపడిన మాట నిజమే. కాని ముందు వీధులను భద్రం చేయండని ఒక మహిళ ఆ సభలోనే నిలదీసింది. ఆ శాసనం సూది పొడవును కొలిచింది. సూదిని బయటికి తీయించిన చేతిని కొలవలేదు.

పునీత తోమాసు అక్వీనాసు 13వ శతాబ్దంలోనే ఈ చిక్కు విప్పారు. ఆత్మరక్షణకు రెండు ఫలితాలున్నాయి: తన ప్రాణం దక్కడం, ఎదుటివాడు దెబ్బతినడం. మొదటిదే ఉద్దేశమైతే అది పాపం కాదు. అవసరానికి మించిన బలం మాత్రం తప్పు. 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం ఈ బోధనే నిలబెట్టింది. మన దేశంలోనూ అత్యాచారానికి తెగబడినవానిని ఎదిరించే హక్కును 1860 నాటి శిక్షాస్మృతి స్త్రీకి ఇచ్చింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దానిని కొనసాగించింది.

కనుక విడిపించుకొనేందుకు గుచ్చిన సూది న్యాయమైనది. వాడు పారిపోయాక వెంటపడి గుచ్చితే అది పగ. రెండవ చెంప చూపడం ఒకరు తమంతట తాము చేయగల త్యాగమే గాని, అవమానం పొందిన ఆడబిడ్డపై ఇతరులు మోపే భారం కాదు. "ఓర్చుకో తల్లీ" అనే ముందు ఈ తేడా గుర్తుంచుకుందాం.

అయితే ఆమె చేతికి ఆయుధం అవసరమైందంటే, మనలో ఎవరో ముందే తమ బాధ్యత మరచారన్నమాట. చీకటి పడకముందే ఇల్లు చేరమని కూతురికి ప్రతిరోజూ చెబుతాం. మరి కొడుకుకు ఏమి చెబుతున్నాం? ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక, తల్లిదండ్రులారా, ఆ మాట కూడా మాట్లాడండి.