ఇంట్లో ఎవరున్నారు?

కొండాపూర్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఒకప్పుడు ఒక రిటైర్డ్ టీచర్ గారు అద్దెకుండేవారు. ఆవిడ ఖాళీ చేశాక ఓనరు తలుపుకి నంబర్లు నొక్కే లాక్ పెట్టించి, ఫ్లాట్‌ని రోజువారీ అద్దెకి ఆన్‌లైన్‌లో పెట్టాడు. శుక్రవారం రాత్రి ఒకళ్ళు, ఆదివారం పొద్దున్న ఇంకొకళ్ళు. ఒకసారి అర్ధరాత్రి రెండింటికి కోడ్ పని చేయక మా బెల్ కొట్టారు. మా అమ్మ తలుపు తీసి, వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, పొద్దున్న నన్నడిగింది: "వాళ్ళు ఎవరింటి చుట్టాల్రా?"

నా దగ్గర జవాబు లేదు. ఓనరు బెంగళూరులో ఉంటాడు. అసోసియేషన్ మీటింగ్‌లో స్పీకర్ ఫోన్ పెట్టి మాట్లాడితే ఒకటే మాటన్నాడు: "నా ఫ్లాటు, నా ఈఎంఐ. ఎవరిని ఉంచుకుంటే మీకేంటండీ?"

చిరాకుగా అనిపించినా, ఆ ప్రశ్నని కొట్టిపారేయలేకపోయాను. నిజమే కదా, మాకేంటి? నా ఇల్లు అన్నప్పుడు అందులో పక్కవాళ్ళకి వాటా ఏమైనా ఉంటుందా?

దీనికి నాకు నచ్చిన జవాబు న్యూయార్క్ నగరపు పర్మిట్ నిబంధనల్లో దొరికింది. 2023 సెప్టెంబర్ 5 నుంచి అక్కడ 'లోకల్ లా 18' అమలవుతోంది. ముప్ఫై రోజుల కంటే తక్కువకి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు నగరం దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. అతిథులు ఉన్నన్నాళ్ళూ తామూ ఆ ఇంట్లోనే ఉండాలి. ఇద్దరికి మించి అతిథులుండకూడదు. లోపలి గదుల తలుపులకి తాళాలేసి అతిథుల్ని వేరు చేయకూడదు. రిజిస్ట్రేషన్ లేని ఇంటికి వెబ్‌సైట్లు డబ్బు లావాదేవీ జరపకూడదు.

ఆ తాళాల నిబంధన మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. లోపలి తలుపులతో నగరానికేం పని? కాస్త ఆలోచిస్తే అర్థమైంది. వచ్చినవాడికీ ఉన్నవాడికీ మధ్య తాళం పడితే, అక్కడున్నవి ఒకే కప్పు కింద రెండు ఇళ్ళు. వంటగదిలో ఎదురుపడే అవకాశం ఉంటేనే వాడు అతిథి. అంటే ఆ చట్టం అడుగుతున్న అసలు ప్రశ్న ఒక్కటే: నువ్వు ఇక్కడ ఉంటున్నావా?

మన కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం అడిగేదీ అదే. ఆరు గదులు దాటకూడదు, యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే కాపురముండాలి.

1795లో కాంట్ శాశ్వత శాంతి గురించి రాస్తూ ఒక తేడా చూపించాడు. వచ్చిన కొత్తవాణ్ణి శత్రువులా చూడకపోవడం వాడి హక్కు. కానీ ఇంట్లో అతిథిగా ఉండాలంటే విడిగా ఒక ఒప్పందం కావాలి. ఆయన దేశాల గురించి చెప్పింది మా కారిడార్‌కీ పనికొస్తుంది. ఆ కుర్రాళ్ళకి ఓనరుతో ఒప్పందం ఉంది. మాతో లేదు. అయినా అర్ధరాత్రి ఆతిథ్యం మా అమ్మే ఇచ్చింది, అద్దె మాత్రం బెంగళూరు వెళ్ళింది.

నేనేదో నీతిమంతుణ్ణని చెప్పట్లేదు. కొన్నేళ్ళ కిందట నలుగురు స్నేహితులం బార్సిలోనాలో ఇలాంటి ఫ్లాట్‌లోనే దిగాం. రాత్రిపూట చక్రాల సూట్‌కేసులు మెట్లమీద లాగుతుంటే ఒక ముసలావిడ తలుపు సగం తీసి, చూసి, వేసేసుకుంది. మేం నవ్వుకున్నాం. ఆవిడ చూపులో ఉన్నది మా అమ్మ ప్రశ్నేనని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ నగరం 2024 జూన్‌లో ఒక నిర్ణయం ప్రకటించింది: ఉన్న 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులనీ 2028 నవంబర్ తర్వాత కొనసాగించబోమని.

అవతలివాళ్ళ బాధా ఉంది. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అద్దె కట్టలేని ఇద్దరు కుర్రాళ్ళు తమ గదిలో గాలి పరుపులు పరిచి ముగ్గురికి చోటివ్వడంతోనే ఎయిర్‌బీఎన్‌బీ మొదలైంది. వాళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నారు! న్యూయార్క్‌లో రెండు వాటాల ఇల్లుండి, కింద తాముంటూ పై వాటా నాలుగు రోజులకి ఇద్దామనుకునేవాళ్ళకి కూడా ఆ చట్టం అడ్డే. పది ఫ్లాట్లు కొని పెట్టుకున్నవాణ్ణీ, ఇంటి లోన్ కట్టడానికి పై వాటా ఇచ్చుకునేవాళ్ళనీ ఒకే గాటన కట్టడం అన్యాయమే. ఆ చట్టాన్ని హోటళ్ళవాళ్ళు గట్టిగా సమర్థించారన్నదీ మర్చిపోకూడదు. కానీ గీత ఎక్కడ గీయాలన్నది వేరే తగవు. అంత ఇరుకుగా గీసి ఉండకపోతే బాగుండేది. గీత ఉండాలన్న దాంట్లో మాత్రం నాకు సందేహం లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, విశాఖలో బీచ్‌కి దగ్గర్లో మాకొక చిన్న ఫ్లాట్ ఉంది. పోయిన నెల ఖాళీ అయింది. రోజువారీ ఇస్తే నెల అద్దెకి రెట్టింపు వస్తుందని ఒక ఫ్రెండ్ చెప్పాడు. ఎక్సెల్ షీట్ వేసి చూశాను. వాడు చెప్పింది నిజమే. నేనుండేది హైదరాబాద్‌లో. అంటే మా పక్క ఫ్లాట్ ఓనరు స్థానంలో రేపు నేనుంటాను.

విశాఖ ఫ్లాట్ ఎదురుగా ఒక పిన్నిగారుంటారు. ఏళ్ళ తరబడి మా తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంది. పంపు లీకైతే ప్లంబర్‌ని పిలిచేదీ ఆవిడే. కోడ్ పని చేయకపోతే వాళ్ళు కొట్టేది ఆవిడ బెల్లే. ఆవిడ్ని అడగమని నాకు ఏ ఆఫీసూ చెప్పలేదు. ఈ ఆదివారం ఫోన్ చేసి అడుగుతాను. వద్దంటే ఏం చేస్తానో, ఆ ఎక్సెల్ షీట్ చూశాక, నిజాయితీగా చెప్పలేకపోతున్నాను.